కాకా ఎత్తిన చెయ్యి

మా క్యాంపులో ఎన్నికలు పెట్టించింది నేనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటం లేదు. చమురు, గ్యాసు డబ్బుతో ఖతర్‌లో ఎటు చూసినా క్రేన్లు లేస్తున్న రోజులవి. మా కూలీల క్యాంపు ఇండస్ట్రియల్ ఏరియాలో, పనిచేసే సైటు అల్ హిలాల్‌లో. నేను టైమ్ కీపర్‌ని. ఎవరు డ్యూటీకి వచ్చారో చూడటం నా పని, వాదించడం నా సరదా.

క్యాంపుకు కొత్త మెస్ కట్టారు. పెద్ద వంటవాణ్ణి మీలోంచే ఎన్నుకోండి, అతనికి ఇక సైటు డ్యూటీ ఉండదు అంది కంపెనీ. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు కాకా, జగిత్యాల వైపు మనిషి. ఇనుప చువ్వలు కట్టీ కట్టీ మోకాళ్ళు అరిగిపోయాయి, నిచ్చెన ఎక్కలేకపోతున్నాడు. వంటగది దొరికితే ఉంటావు, లేదంటే కాంట్రాక్టు అయిపోగానే ఇంటికే అని ఫోర్‌మన్ మొహం మీదే చెప్పేశాడు. రెండో మనిషి మా బస్సు డ్రైవరు, హైదరాబాదు భాయ్. ఆయన బిర్యానీ గిన్నె మూత తీస్తే పక్క క్యాంపు వాళ్ళు కూడా గేటు దగ్గర తచ్చాడేవారు. నిజం చెప్పొద్దూ, నా నాలుక పూర్తిగా భాయ్ పక్షమే.

అందరినీ ఒకచోట చేర్చి చేతులెత్తమంటే గొంతు పెద్దవాడే గెలుస్తాడు, షిఫ్టులో ఉన్నవాడి మాట ఎవరూ అడగరు. ఆ దిగులు మా సైటులోని అమెరికా ఇంజినీరుతో చెప్పుకున్నాను. అది వాళ్ళకు ప్రెసిడెంటు ఎన్నికల ఏడాది. ఆయన టీ తాగుతూ వాళ్ళ రాష్ట్రం పద్ధతి వివరించాడు. అసలు ఎన్నికకు ముందు ప్రైమరీ అని ఒకటి ఉంటుందట. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రంలో ఓటేస్తారు. ఎవరికి పడ్డ ఓట్ల వంతున వాళ్ళకు డెలిగేట్లు వస్తారు. ఆ డెలిగేట్లు పార్టీ పెద్ద సభకు పోయి, తమను ఎవరి కోసం పంపారో వాళ్ళకే, కనీసం మొదటి విడతలో, ఓటెయ్యాలి. రూల్సు పార్టీని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారతాయి గానీ మా దగ్గర ఇంతే అన్నాడు. దారిలో మనసు మారినా సరే, మాట మారకూడదన్న ముక్క నాకు మహా నచ్చింది.

మాకు మూడు బ్లాకులు. బ్లాకుకు ముగ్గురు డెలిగేట్లు అని తేల్చాను. ఏ షిఫ్టు వాళ్ళు దిగితే వాళ్ళ చేత అప్పుడే చీటీలు వేయించాం. కాకా తరఫున ఐదుగురు డెలిగేట్లు, భాయ్ తరఫున నలుగురు తేలారు. మా బ్లాకు నన్ను భాయ్ తరఫున పంపింది. కాకా బ్లాకు వాళ్ళకు ప్రేమ ఎక్కువై కాకానే డెలిగేటుగా పంపారు.

శుక్రవారం నమాజు అయ్యాక మెస్‌లో సభ. లెక్క అందరికీ తెలిసిందే కదా అని కాకా మనుషులు ముందే జిలేబీలు తెచ్చిపెట్టుకున్నారు. నేను మొదట భాయ్‌కి చేతులెత్తమన్నాను. నాతో కలిపి నాలుగు లేచాయి. ఆ తర్వాత మెల్లగా ఐదోది లేచింది. చూస్తే, కాకాది!

"గిదేంది కాకా?" అన్నాను.

"నాకు నేనే చెయ్యెత్తుకుంటే మంచిగుంటదా బిడ్డా? నలుగురు నవ్వరా? ఎదుటోనికి ఎత్తుడే మర్యాద," అన్నాడు, చెయ్యి దించకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళ సంగతి తప్ప లోకమంతా ఆలోచించాడీ మనిషి. మర్యాద కోసం ఇంటికి పోతాడా? నేను ఊరుకుంటే చాలు, బిర్యానీ మాదే. మా బ్లాకు వాడొకడు ఊరుకోమని నా మోచెయ్యి గిల్లుతూనే ఉన్నాడు. ఊరుకుంటే నేను నేనెలా అవుతాను?

"చెల్లదు!" అని బల్ల గుద్దాను.

"అరే, నువ్వు ఎవల మనిషివిరా?" అన్నాడు గిల్లినవాడు.

"రూలు మనిషిని! కాకా, నన్ను భాయ్ కోసం పంపిన్రు, భాయ్‌కే ఎత్తిన. నిన్ను ఎవల కోసం పంపిన్రు? గది నీ చెయ్యి కాదు, మీ బ్లాకోళ్ళ చెయ్యి. నీ ఇష్టమొచ్చినట్టు ఎత్తుడు మాఫీ, లేదంటే లేదు!"

కాకా బ్లాకు వాళ్ళు బెంచీలెక్కి "చెల్లదు, చెల్లదు" అని అరిచారు. కాకా చెయ్యి దించాడు. భాయ్ మాత్రం గడ్డం నిమురుకుంటూ నవ్వుతున్నాడు.

ఈసారి కాకాకు చేతులెత్తమన్నాను. నాలుగు చేతులు టక్కున లేచాయి. కాకా పెళ్ళిపీటల మీది కుర్రాడిలా తల దించుకుని, కాసేపటికి తన చెయ్యి తనకే ఎత్తుకున్నాడు. మెస్ దద్దరిల్లిపోయింది. ఓడింది నా పక్షమే అయినా అందరికంటే గట్టిగా ఈల వేసింది నేనే. అంత సంతోషం ఆ దేశంలో నాకు మళ్ళీ కలగలేదు.

ఆ గోలలో కాకా చెయ్యి దించడం మరిచిపోయాడు. భాయ్ వంటగదిలోకి వెళ్ళి పెద్ద గంటె తెచ్చి, లేచి ఉన్న ఆ చేతిలో పెట్టాడు.

"ఖాళీ చెయ్యి ఎందుకు లేపినవ్ కాకా, ఇది పట్టు. ఆకలైతుంది, యల్లా, నడువు!"

కాకా గంటె భుజానేసుకుని, ఎక్కడానికి నిచ్చెనే లేని ఆ గదిలోకి నడిచాడు.