చెలకలో గాలం, మొగలో పండుగప్ప

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మొదలైన కొత్తలోనే నేను క్యాబ్ నడపడానికి చేరాను. మాది మంఖాల్. బాపు చెలకలో జొన్న, మొక్కజొన్న పండించేవాడు, నేను స్టీరింగ్ పట్టుకున్నాను. చలికాలం పొద్దున్నే పొగమంచు కమ్మితే విమానాలు ఆగిపోయేవి. ప్రయాణికులు ఫోన్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే మాకు గిరాకీ పెరిగేది.

అలాంటి ఒక జనవరి ఉదయం నా బండి ఎక్కింది ఆవిడ. అరవై దాటి ఉంటాయి. నేత చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. చంకలో నడుమెత్తు గుండ్రటి గొట్టం ఒకటి. దాన్ని డిక్కీలో పెడతానంటే ఒప్పుకోలేదు, ఒళ్లోనే పెట్టుకుంది. కాకినాడ వైపు మనిషి. బ్యాంకులో పనిచేసి రిటైరై, అండమాన్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళుతోంది. పొగమంచు వల్ల ఆమె ఎక్కాల్సిన విమానం తప్పిపోయింది. మళ్లీ రేపే. ఆ రోజుకి హోటల్లో గది ఇచ్చారు.

"హోటల్‌కి ఇప్పుడే వద్దు బాబూ. గదిలో కూర్చుని ఏం చేస్తాను? చెట్లూ కరెంటు తీగలూ లేని ఖాళీ నేల ఎక్కడైనా ఉంటే చూపించు, చాలు" అంది.

"ఖాళీ నేలతోని ఏం పనమ్మా?"

"గాలం విసరడం సాధన చేసుకోవాలి. ఎల్లుండి సముద్రంలో నిలబడాలి కదా."

నాకు నవ్వొచ్చింది. "గాలమంటే నీళ్లుండాలె గదమ్మా. హిమాయత్ సాగర్ తీస్కపోనా?"

"నీళ్లు కనపడితే మనసు చేప మీదికి పోతుంది. నేల మీదైతే చెయ్యి కుదురుతుంది."

మక్క కోసేశాక ఇంటి పక్కనే ఉన్న మా చెలక ఖాళీగానే ఉంది. బండి నేరుగా మా ఊరికి తిప్పాను.

ఆవిడ గొట్టంలోంచి నాలుగు ముక్కలు తీసి ఒకదానిలో ఒకటి దూర్చేసరికి, సన్నగా వంగే పొడుగాటి కట్టె తయారైంది. పిడి దగ్గర చిన్న చక్రం, దానికి చుట్టిన పసుపుపచ్చ దారం. చివర గాలం లేదు, చిన్న ఉన్ని పోగు కట్టింది. కట్టె వెనక్కి ఊపింది. దారం గాలిలో సర్రున సాగి, ఆమె వెనక తిన్నగా చాచుకుంది. మళ్లీ ముందుకు ఊపితే అంత పొడవు దారమూ తల మీదుగా వచ్చి, చప్పుడు లేకుండా మొక్కజొన్న మోళ్ల మీద వాలింది.

పశువులకు మేత వేస్తున్న బాపు పని ఆపేసి వచ్చాడు. కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"ఏందిరా ఇది? చెలకల చేపలు వడుతున్నదా?"

"నేర్చుకుంటున్నదట బాపు. సముద్రంల వడుతదట."

"ఎర్ర లేకుండనా?"

ఆవిడ విని దగ్గరికి వచ్చింది. చిన్న డబ్బా తీసి చూపించింది. అందులో కొక్కేలకు కట్టిన ఈకలు. వెండి దారం చుట్టి, చిన్న చేపపిల్లల్లా చేసినవి.

"ఎరలు ఉండవండీ. ఇది నీళ్లలో పడి కదిలితే, పెద్ద చేప దీన్ని పిల్ల చేప అనుకుంటుంది" అంది.

బాపు ఒకటి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "కోడి ఈకకే మోసపోతదా? గంత అమాయకపు చేపనా!" అని పగలబడి నవ్వాడు.

అప్పటికే అమ్మ లోపల రొట్టెలు మొదలుపెట్టింది. ఇంటికి కొత్త మనిషి వచ్చిందని బాపు దడిలోకి వెళ్లి తెల్ల పుంజును పట్టుకొచ్చాడు. కత్తి కోసం వెతుకుతుంటే ఆవిడ గబగబా అడ్డం వచ్చింది.

"అయ్యో, కోయకండి! నాకు కూర వద్దు. దీని మెడ ఈకలు నాలుగు ఇస్తే చాలు. ఇంత మంచి ఈక నాకు బజార్లో దొరకదు."

పుంజు అరిచి గోల చేసింది కానీ ప్రాణం దక్కించుకుంది. మేం జొన్నరొట్టెలు, కోడిగుడ్డు కూర తిన్నాం. ఆవిడ అరుగు మీదే కూర్చుని ఆ ఈకలు కొక్కేనికి కట్టింది. కడుతూనే సముద్రం సంగతులు చెప్పింది. వానాకాలంలో నదులు తెచ్చే బురద వల్ల తీరమంతా ఎర్రగా ఉంటుందట. సంక్రాంతి నాటికి ఆ బురద దిగి నీళ్లు తేటపడతాయి. అప్పుడే చేపకు ఈక కనపడుతుంది. పొద్దున్నే నీళ్లు చల్లగా ఉంటే చేపలు లోతులోనే బద్ధకంగా ఉంటాయి. ఎండెక్కి ఒడ్డు నీళ్లు వెచ్చబడ్డాక పైకి వస్తాయి. కానీ ఎండ ముదిరితే సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది, దారాన్ని మొహం మీదికే తెచ్చి కొడుతుంది. ఆ రెండింటి మధ్య దొరికే కాసేపే మనది అంది.

బాపు ఊకొడుతూ అంతా విన్నాడు. మా ఊరి మీదుగా విమానం దిగుతుంటే మాట వినపడక ఆవిడ ఆగేది. అది పోగానే "ఆఁ, తర్వాత?" అనేవాడు.

"మీరూ ఒకసారి విసరండి" అని ఆవిడ కట్టె చేతికిచ్చింది. బాపు జొన్నచేలో పిట్టల మీదికి వడిసెల తిప్పినట్టు గిరగిరా తిప్పాడు. దారం వెళ్లి ఆయన తల రుమాలుకే చుట్టుకుంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"తిప్పకూడదండీ. వెనక్కి ఊపాక ఒక్క క్షణం ఆగండి."

"ఆగుతనే ఉన్న. దారమే ఆగుతలేదు!"

సాయంత్రం హోటల్లో దింపేటప్పుడు ఆవిడ నా నంబర్ తీసుకుంది. "వచ్చే చలికాలం మీ నాన్నగారిని మా ఊరికి తీసుకురా. ఆయన సముద్రం చూడలేదట కదా" అంది. ఏదో మాటవరసకు అనుకున్నాను. కానీ మరుసటి జనవరిలో నిజంగానే ఫోన్ వచ్చింది. బాపు అడగకుండానే సంచి సర్దుకున్నాడు. అమ్మను కూడా రమ్మంటే, "పశువుల్ని ఎవలు జూస్తరు? మీరే పోయి రాండ్రి" అంది.

ఆవిడ మమ్మల్ని ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లింది. వాళ్లు దాన్ని మొగ అంటారు. సముద్రం కనపడగానే బాపు చెప్పులు విడిచేశాడు. అలలు కాళ్లకు తగిలేదాకా నడిచాడు. తర్వాత వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు.

"నిజంగనే ఉప్పుగున్నయిరా!" అన్నాడు, ఇన్నాళ్లూ జనం తనకు అబద్ధం చెప్పారేమో అనుకున్నట్టు.

ఆ రోజు పొద్దుటి నుంచే గాలి. ఆవిడ విసిరినదీ నేను విసిరినదీ తిరిగి మా మీదే పడ్డాయి. ఆవిడ కట్టె ఇసుకలో పాతి, టిఫిన్ డబ్బా తెరిచింది. "పోటు ఇంకా ఎక్కుతోంది. ఆ నీళ్లు వెనక్కి మళ్లి ఆటు మొదలైతే, ఏట్లోకి పోయిన చిన్న చేపలన్నీ ఈ మొగలోంచే బయటికి రావాలి. పెద్ద చేప ఇక్కడే కాచుకుని ఉంటుంది. మనమూ కాచుకుందాం" అంది.

ఇడ్లీలు తిన్నాం. ఇసుకలో పడుకున్నాం. బాపు మాత్రం ఎర్ర పీతల వెంట పరుగెత్తుతూ, అవి బొక్కల్లో దూరితే వంగి చూస్తూ గడిపాడు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత గాలి కాస్త తగ్గింది. ఒడ్డున ఆగిన నురుగు మెల్లగా సముద్రం వైపు కదలసాగింది. ఆవిడ లేచింది. "ఇప్పుడు! ముందు మీరే వెయ్యండి" అని బాపుకే కట్టె ఇచ్చింది.

బాపు మోకాళ్ల దాకా దిగి ఊపాడు. వెనక ఆగడం మళ్లీ మరిచిపోయాడు. దారం ముద్దలా ఆయన ముందే పడింది. "థూ" అనుకుంటూ దాన్ని చేత్తో లాగుతుండగా నీళ్లు ఒక్కసారి పగిలాయి. వెడల్పాటి వెండి పక్క ఒకటి మెరిసి మునిగిపోయింది. కట్టె విల్లులా వంగింది.

"గుంజుతున్నదిరా! నన్నే గుంజుతున్నది!"

"వదలకండి! అది లాగితే పోనివ్వండి, ఆగితే దారం చుట్టండి!" ఆవిడ చీర మోకాళ్ల పైకి దోపుకుని నీళ్లలోకి ఉరికింది.

చుట్టడం గిట్టడం బాపు వల్ల కాలేదు. కట్టె భుజాన వేసుకుని, ఒడ్డు వైపు తిరిగి, బండెద్దులా ఇసుకలో నడిచాడు. చేప ఒకసారి గాల్లోకి ఎగిరింది, రెండోసారి నా కాళ్లకు తగిలి నన్ను పడేసింది. నేను పడినవాణ్ణి పడినట్టే దాన్ని కావలించుకున్నాను. ఆవిడ వచ్చి మొప్పల దగ్గర పట్టుకుంది. పండుగప్ప. నా చెయ్యంత ఉంది.

ముగ్గురం తడి ఇసుకలో కూర్చుని నవ్వాం. ఆపుకోలేక నవ్వాం.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి పులుసు పెట్టింది. బాపు ఎప్పుడూ తినేదానికి రెట్టింపు అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి అరుగు మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, రేపు ఆటు ఎప్పుడు మొదలైతది?"

"ఇవాళ్టికంటే కాస్త ఆలస్యంగా."

"మన రైలు పొద్దుగాలనే ఉంది బాపు" అన్నాను.

"దాన్ని పోనియ్‌రా" అన్నాడు బాపు, ఆవిడ చేతిలోని ఈకల డబ్బా తన వైపు లాక్కుంటూ.