కుంటలో కోడి ఈకలు

మా ఊళ్లో కోడిమాంసం అమ్మే హక్కును గ్రామాభివృద్ధి కమిటీ ఏటా వేలం వేస్తుంది. పాడుకున్నవాడు తప్ప ఇంకొకరు అమ్మకూడదు. ఇది ఏ చట్టంలోనూ లేదు. మగవాళ్లు సగం మంది గల్ఫ్‌లో ఉన్న ఊరు మాది. మిగిలినవాళ్లలో గొంతు పెద్దదైనవాళ్లే కమిటీ.

ఆ ఏడు వేలం పాడుకున్నవాడు కుంట శిఖంలోనే రేకుల దుకాణం వేశాడు. కుంట నిండితే నీళ్లు నిలిచే నేలే శిఖం. రోజూ పేగులు, ఈకలు, నెత్తురు నీళ్లు అందులోకే. ఎండాకాలానికి నీటి మీద జిగట పొర కట్టింది. ఈకలు దానికి అంటుకుని గాలికి కూడా కదిలేవి కావు.

మస్కట్‌లో నాన్న పని పోయింది. ఇల్లు రెండు బర్రెల పాల మీద నడిచేది. అవి గట్టు దిగి, మూతి చాచి, వాసన చూసి వెనక్కి తిరిగేవి. అమ్మ బోరింగు కొట్టి బకెట్లతో తాపేది. అయినా పాలు తగ్గాయి.

నేను కోరుట్లలో డిగ్రీ చదువుతున్నాను. నలుగురిలో నోరు విప్పలేను, రాయడం మాత్రం వచ్చు. శిఖంలో కట్టడం కట్టే హక్కు, చెత్త పోసే హక్కు పట్టా ఉన్నవాడికి కూడా లేదని లైబ్రరీలో చదివాను. అమ్మకు చెప్పకుండా దరఖాస్తు రాసి జిల్లా ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని కుంట చూశాడు. కమిటీ పెద్దమనిషి ఎదుటే దరఖాస్తులోని నా పేరు పైకి చదివాడు. 'ప్రభుత్వ భూమి, ఆక్రమించరాదు' అని బోర్డు పాతించి వెళ్లిపోయాడు. రేకుల దుకాణం ఉన్నచోటే ఉంది.

మర్నాడు డప్పు మోగింది. "కమిటీకి చెప్పకుండ ఆఫీసుకు పోయినోళ్ల ఇంట్ల పాలు ఎవ్వలు తీస్కోవద్దు! తీస్కుంటె జుర్మానా!"

ఆ పొద్దున పాలకు ఒక్కరూ రాలేదు. పక్కింటి అత్త గోడ మీదుగా గుసగుసలాడింది. "వదినె, నీ పాలతోని నాకేం పంచాతి లేదే. జుర్మానా పడ్డదంటె మా ఆయన దుబాయి నుంచే తిడ్తడు." కుంట పక్కన నడిచినప్పుడల్లా ముక్కు మూసుకుని శాపనార్థాలు పెట్టేది ఈ అత్తే.

సాయంత్రం అమ్మ నన్ను కమిటీ గదికి తీసుకుపోయింది.

"అన్నా, చిన్నపిల్ల. తెలువక రాసింది."

"తెలువక కాదు చెల్లె, ఎక్కువ తెలిసి రాసింది," అన్నాడు పెద్దమనిషి. నావైపు తిరిగి, "కుంట ఎవలది బిడ్డా?"

"ఊరిది," అన్నాను తలెత్తకుండా.

"ఊరంటె ఎవలు? గీడ కూసున్నోళ్లం గాదా?"

అందరూ నవ్వారు. దుకాణంవాడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

మాకు వేసిన శిక్ష దావత్. కమిటీకి మా ఇంట్లో కోడికూర పెట్టాలి. కోళ్లు ఆ దుకాణంలోనే కొనాలి. పెడితే మా పాల మీద నిషేధం ఎత్తేస్తారు.

ఫోన్లో నాన్న, "పెట్టి పడెయ్యుండ్రి. మీరు ఆడ బతుకాలె," అన్నాడు.

దుకాణంవాడు కోళ్లను బతికుండగానే పంపాడు. మేమే కోసుకున్నాం. వాళ్లు మా వాకిట్లో కూర్చుని ఎముకలు చీకారు. "మసాల మంచిగ పడ్డది చెల్లె," అంటూ వేళ్లు నాకారు.

వాళ్లు పోయాక అమ్మ సంచీ చేతికిచ్చింది. నిండా పేగులు, ఈకలు.

"ఏడ పారెయ్యాలె అమ్మా?"

"అందరు ఏడ ఏస్తున్నరో గాడ."

గట్టు దాకా పోయాను. సంచీలోంచి నెత్తురు నా పాదం మీద కారుతోంది. కొత్త బోర్డుకు ఈకలు అంటుకుని ఉన్నాయి. వెయ్యలేక వెనక్కి వచ్చి పెరట్లో గుంత తవ్వి పూడ్చాను.

తెల్లారేసరికి కుక్కలు తవ్విపోశాయి. బర్రెల కొట్టమంతా పేగులే, ఈగలే. పాలకు మళ్లీ మనుషులు వచ్చే వేళయింది. అమ్మ వంగి, ఒట్టి చేతులతో అన్నీ ఏరి సంచీలో వేసుకుని కుంట వైపు నడిచింది.

నీళ్లకు తీసుకుపోతోందనుకుని బర్రెలు ఆమె వెనకే నడిచాయి.