లోగో మీద పడిన కెప్టెన్

2023 చలికాలం. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న కాలేజీ ఊళ్లో మహిళల ఐస్ హాకీ జట్టుకు నేను అథ్లెటిక్ ట్రైనర్‌ని. ఈ ఉద్యోగం పేరు చెప్పగానే మనవాళ్లు పొరబడతారు. పార్సిప్పనీలో అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా బావ మొదలుపెట్టేవాడు: "ఏంటమ్మా విమలా, ఇంకా ఆ పిల్లల చేత బస్కీలు తీయిస్తున్నావా? హాయిగా డేటా సైన్స్ చేసుకోక నీకెందుకీ ఐస్ గోల?" బస్కీలు తీయించే కోచ్ వేరే ఉంటాడని చెప్పి చెప్పి విసిగాను. మ్యాచ్‌లో ఎవరైనా పడితే ముందు పరుగెత్తేది నేను. లేచి ఆడవచ్చా కూడదా అని అక్కడికక్కడ తేల్చేదీ నేనే. నేను ఆపితే కోచ్ కూడా ఆడించడానికి వీల్లేదు. ఒకసారి ఆపాక మళ్లీ ఆడవచ్చని చెప్పేది మాత్రం డాక్టర్.

ఆ జట్టు కెప్టెన్ హేలీ. మినెసోటాలో ఒక ప్లంబర్ కూతురు. తండ్రి పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించిన మంచు మీద స్కేటింగ్ నేర్చుకుంది. ఊళ్లో ఆడపిల్లలకు జట్టు లేక చాలా ఏళ్లు మగపిల్లలతోనే ఆడింది. తర్వాత అండర్ ఎయిటీన్ జాతీయ జట్టు, ఆపైన మా కాలేజీ, చివరికి సీనియర్ జాతీయ జట్టు. కెనడా మీద గోల్ వేసి వచ్చిన రోజు ఊరంతా మేం ఆడే మంచు మైదానానికి, మా రింక్‌కు, వచ్చింది. మహిళల హాకీలో కావాలని ఒంటితో గుద్దడం ఫౌల్. కానీ అంత వేగంలో ఇద్దరు ఎదురుపడితే, ఫౌల్ విజిల్ మోగే లోపే జరగవలసింది జరిగిపోతుంది. ఆ వసంతంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఆ జట్టులో చోటు కోసమే హేలీ తినేది, పడుకునేది, లేచేది.

ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో నేను మూఢనమ్మకాల మీద వేదికలెక్కి వాదించినదాన్ని. గ్రహణం వేళ నడిబజారులో నిలబడి పులిహోర తిన్న గుంపులో నేనూ ఉన్నాను. అమెరికా వచ్చాక ఇక ఆ పని ఉండదనుకున్నాను. ఎంత వెర్రి!

ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిని లాకర్ రూమ్ అంటారు. మా లాకర్ రూమ్ నేల మధ్యలో, కార్పెట్ మీద జట్టు లోగో ఉండేది. దాన్ని తొక్కకూడదు. తొక్కినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని తుడవాలి. మొదటి రోజే నేను తొక్కాను.

"విమ్! దిగు, దిగు!" అని గోల్ కాసే బ్రూక్ అరిచింది.

"ఇది కార్పెట్. తొక్కడానికే వేస్తారు," అన్నాను.

హేలీ ఒక గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "తుడిచెయ్. నాకోసం."

"తుడిస్తే ఏమవుతుంది?"

"తుడిస్తే ఏమీ కాదు. తుడవకపోతేనే అవుతుంది."

గది పకపకా నవ్వింది. నేను తుడవలేదు. ఆ రోజు నుంచి నా ముద్దుపేరు 'శాపం'. "శాపం వస్తోంది, కట్లు తెస్తోంది," అని పాడేవాళ్లు. వాళ్లలో బయాలజీ చదివేవాళ్లున్నారు, ఇంజనీరింగ్ చదివేవాళ్లున్నారు. దేవుడి పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లున్నారు. దేవుడు లేని మూఢనమ్మకం మరీ మొండిది. దాన్ని టీమ్ స్పిరిట్ అంటారు. ప్రశ్నించినవాడు జట్టుకు ద్రోహి.

ఆ ఏడాది జట్టు వరసగా గెలుస్తోంది. గెలుస్తున్నంతకాలం దేన్నీ మార్చకూడదు. సాక్సులు ఉతకరు, బస్సులో సీట్లు మారరు. అన్నిటికంటే నాకు కంపరం పుట్టించింది ఇంకొకటి. ప్రతి మ్యాచ్‌కు ముందు లాకర్ రూమ్‌లో హేలీ వెళ్లి, తలకు పెట్టుకున్న హెల్మెట్‌ను బ్రూక్ ముఖానికి తొడుక్కున్న మాస్క్‌కేసి ఠంగుమని కొట్టేది. జట్టంతా కేకలు వేసేది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గాని, లోపల మెదడు అదరకుండా ఆపలేదు. ఆ అదురునే మేం కంకషన్ అంటాం. ఈ మాట చెబితే హేలీ నవ్వింది: "గెలుస్తున్నాం కదా విమ్!"

జనవరిలో ఆమె జాతీయ జట్టు క్యాంపుకు వెళ్లి వచ్చింది. బస్సులో స్వెట్టర్ టోపీని ముఖం మీదికి లాక్కుని కూర్చోవడం చూశాను. ఏమైందని అడిగితే, "నిద్ర లేదంతే. ఐ యామ్ గుడ్," అంది. నాకు నమ్మకం కుదరలేదు. పరీక్ష పెట్టాను. కొన్ని మాటలు చదివి, కాసేపటికి తిరిగి చెప్పమంటాం. ఒంటికాలి మీద నిలబడమంటాం. అన్నిటా నెగ్గింది. డాక్టర్ దగ్గరికి పంపాను. అక్కడా నెగ్గింది. హైస్కూలు నుంచి అవే పరీక్షలు, ఇంచుమించు అవే మాటలు. ఆమెకు అవి కంఠతా వచ్చని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో సొంత రింక్‌లో మ్యాచ్. లాకర్ రూమ్‌లో హేలీ యథాప్రకారం బ్రూక్ మాస్క్‌కు తల కొట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, సరిగ్గా లోగో మీద కూలిపోయింది. వాంతి చేసుకుంది.

"లోగో మీద... హేలీ, లోగో!" అని ఎవరో అన్నారు. ఆ అమ్మాయి చెడ్డదేమీ కాదు. నోట్లోంచి అదే వచ్చింది. అంతకంటే ఘోరం, హేలీ మోచేతుల మీద పాకుతోంది. నా వైపు కాదు, తలుపు వైపూ కాదు. లోగో మీంచి పక్కకు. కదిలితే మెడకు ప్రమాదం. నేను పరుగున వెళ్లి, ఆ లోగో మీదే మోకాళ్లు వేసి, రెండు చేతులతో ఆమె తల పట్టుకున్నాను.

"విమ్, దిగు," అని గొణిగింది. "తొక్కకు."

"ఈ రోజు ఎవరితో మ్యాచ్, చెప్పు."

కళ్లు ఆర్పింది. చెప్పలేకపోయింది.

ఆ మ్యాచ్ ఓడిపోయారు. ఎందుకు ఓడారో చెప్పడానికి వేదికల మీద వాదన నేర్వనక్కర్లేదు. ఉత్తమ క్రీడాకారిణి ఆసుపత్రిలో ఉంది. కానీ మర్నాడు లాకర్ రూమ్‌లోకి వెళ్తుంటే వినబడింది: "శాపం తొక్కింది కదా. మోకాళ్లతో సహా." ఈసారి ఎవరూ నవ్వలేదు.

మెడకు దెబ్బ లేదని తేలాక హేలీని వసతిగృహానికి పంపారు. కర్టెన్లు వేసిన గదిలో, కళ్ల మీద తడిగుడ్డతో పడుకుని నాకు నిజం చెప్పింది.

"క్యాంపులో తల రింక్ గోడకి కొట్టుకుంది."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ. చెప్తే నా చోటు పోయేది. ఎంతమంది కాచుకుని ఉన్నారో నీకేం తెలుసు?"

"దెబ్బ తగిలిన తలతో మళ్లీ బ్రూక్ మాస్క్‌ని గుద్దుతున్నావా? అదృష్టం కోసమా?"

"అదృష్టమా?" అని నీరసంగా నవ్వింది. "అదంతా ఫస్ట్ ఇయర్‌లో విమ్. మెల్లగా కొడితే బ్రూక్‌కి తెలిసిపోతుంది. మానేస్తే అందరికీ తెలిసిపోతుంది."

నా చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్‌తో తలనొప్పి తగ్గిందని చెప్పు. టీమ్ సెలెక్షన్ అయ్యేదాకా చాలు. ప్లీజ్."

"చెప్పను."

"నువ్వు దేన్నైనా ఇంతగా ప్రేమించి ఉంటే చెప్పేదానివి," అని గోడ వైపు తిరిగింది.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వేరే అమ్మాయి వెళ్లింది. హేలీ తలనొప్పి నెలల తరబడి పోలేదు. ఒక పేజీ చదివితే కింది వరసకు వచ్చేసరికి పై వరస మరిచిపోయేది. రింక్ దీపాలు చూడలేకపోయేది. ఆట మానేయమని డాక్టర్లు చెప్పినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ ఆలస్యంగా పూర్తి చేసింది. ఇప్పుడు తండ్రి దుకాణంలో ఫోన్లు ఎత్తుతోంది, రోజుకు ఒక పూటకు మించి కూర్చోలేకపోతోంది. ఈ మధ్య నాతో మాట్లాడినప్పుడు కెనడా మీద వేసిన గోల్ సంగతి ఎత్తాను. "వీడియో ఉంది, చూశాను," అంది. "నాకైతే గుర్తులేదు విమ్."

హేతువాదం అంటే ఎదుటివాడి నమ్మకాన్ని ఓడించడమని నేను చాలాకాలం అనుకున్నాను. హేలీకి నమ్మకం లేదు. భయం ఉంది. ఆ భయాన్ని పెంచింది లోగో కాదు. నొప్పిని దాచిన పిల్లను వీరనారి అని పొగిడి, చెప్పిన పిల్లను పక్కన పెట్టే పద్ధతి. గ్రహణం నాడు పులిహోర తింటే పోయే జబ్బు కాదది. 'ఐ యామ్ గుడ్' అన్న మాటను ఆధారం లేకుండా నమ్మడం మాత్రం అసలు సిసలు మూఢనమ్మకం. చొక్కా మీద జట్టు పేరు వేసుకుని, చదువుకున్నవాళ్లందరం కలిసి దాన్ని కాపాడుతున్నాం.

మరుసటి సీజన్‌లో ఒక కొత్త అమ్మాయి పడి, చటుక్కున లేచి, "ఐ యామ్ గుడ్," అంది. పరీక్షలో అన్ని మాటలూ అప్పజెప్పింది. కానీ పడక ముందు తను ఏం చేస్తోందో చెప్పబోయి తడబడింది. ఆమె స్టిక్ లాక్కుని బెంచీ మీద కూర్చోబెట్టాను. అందరి ముందు నన్ను నానా మాటలూ అంది, ఉద్యోగం ఊడగొట్టిస్తానంది. మూడు వారాల తర్వాత డాక్టర్ అనుమతితో తిరిగి ఆడింది. ఇప్పుడు కనబడితే ఆ తిట్లన్నీ వరసగా ఏకరువు పెట్టి, సిగ్గుపడుతూ నవ్వుతుంది.

ఒక్కటి కూడా మరిచిపోలేదు. నాకు అది చాలు.