మాస్కో పేపరు చదివించుకోవడానికి ఘాజియాబాద్ వెళ్లిన ఆదివారం

డెబ్బయిల చివర్లో నేను ఢిల్లీలో గణితంలో పరిశోధన చేస్తున్నాను. రెండు డిఫరెన్షియల్ ఆపరేటర్లను ఏ వరసలో ప్రయోగించినా ఫలితం ఒకటే అయితే, వాటిని కలిపే బీజీయ సమీకరణం ఒకటి ఉంటుంది. దాన్ని గీస్తే ఒక వక్రం వస్తుంది. ఇది పాత సంగతే. ముందు వక్రాన్ని ఇస్తే అందులోంచి ఆపరేటర్లను రాబట్టగలమా అన్నది నా థీసిస్. కాలువలో చెదరకుండా సాగిపోయే అలల సమీకరణాలతో దీనికి సంబంధం ఉంది కాబట్టి అప్పట్లో చాలామంది ఈ ప్రశ్న వెంట పడ్డారు. థీసిస్ టైపుకు ఇవ్వబోతుండగా లైబ్రరీకి రష్యన్ పత్రిక ఒకటి వచ్చింది. తిరగేస్తే అచ్చం నా సమీకరణాలే! ఇంగ్లీషు అనువాదం ఎప్పటికి వస్తుందో తెలియదు. నా ఫెలోషిప్ మార్చితో ఆఖరు. "అందులో ఏముందో తెలియకుండా నేను సంతకం పెట్టను" అన్నారు మా గైడు.

మాస్కోలో వైద్యం చదివిన తెలుగు డాక్టరు ఒకావిడ ఘాజియాబాద్‌లో ఉన్నారని హాస్టల్లో నర్సు స్నేహితురాలు చెప్పింది. పేరు కరుణ, ఊరు బాపట్ల వైపు. ఆదివారం చర్చి అయ్యాక రమ్మన్నారట. పేపరు ఫొటోస్టాట్ తీయించుకుని, పొద్దున్నే పాత ఢిల్లీ స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు రూపాయి లోపే. పొగమంచులో బండి యమున మీది ఇనుప వంతెన దాటడానికే చాలాసేపు పట్టింది. స్టేషను బయట రిక్షా అతన్ని చర్చి దాకా ఎంతని అడిగితే, "బైఠియే దీదీ, ఏక్ రుపయా. ఠండ్ బహుత్ హై" అన్నాడు. చలి ఎక్కువట, అందుకని రూపాయి.

చర్చి అయ్యాక కరుణ ఆంటీ నన్ను ఇంటికి తీసుకెళ్లి, ఎండలోకి కుర్చీలు వేయించి, కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

"ఇదేంటమ్మాయ్, వక్రానికి వంశం అంటున్నాడు?"

కాసేపు నాకూ అర్థం కాలేదు. తర్వాత వెలిగింది: వక్రాన్ని ఉపరితలంగా చూసినప్పుడు దానికి ఎన్ని రంధ్రాలున్నాయో చెప్పే సంఖ్య, జీనస్. రష్యన్‌లో దానికి వాడే మాటకు వంశమనే అర్థం కూడా ఉందట. అలా ఒక్కో వాక్యం విప్పుకుంటూ పోతే ప్రధాన సిద్ధాంతం బయటపడింది. వక్రం నుంచి ఆపరేటర్లు రాబట్టవచ్చు. పేపరు రాసినాయన దారి కూడా చూపించాడు, నాకంటే తేలిగ్గా. అంటే నా థీసిస్ పోయినట్టే.

లోపల వంట చేస్తున్న ఆంటీ భర్త, అంకుల్, బయటికొచ్చి, "ముందు తిను తల్లీ. చేపల పులుసు చల్లారితే బాగోదు" అన్నారు. తిన్నాను గానీ రుచి తెలియలేదు. ఒంగోలు కాలేజీలో ఉద్యోగం ఉంది, వచ్చెయ్యమంటున్న నాన్నకు ఏం చెప్పాలా అన్నదే ఆలోచన.

భోజనమయ్యాక, థీసిస్‌లో ఆయన సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్టు ఉదహరించాలి, ప్రతి మాటా చదవండి అని అడిగాను. ఆంటీ మళ్లీ మొదలుపెట్టి ఆగారు.

"ఇక్కడ చిన్న ముక్క వదిలేశానమ్మా. ఆర్డర్లు 'ఒకదానికొకటి సింపుల్' అయితే, అని ఉంది. అర్థంలేని మాటలా తోచి దాటేశా."

"సింపులా? సంఖ్యలకి ఆ మాట ఎందుకు ఆంటీ?"

"అక్కడ ప్రైమ్ నంబర్ని సింపుల్ నంబరనే అంటార్లే."

నేను కుర్చీలోంచి లేచాను. ఆపరేటరు ఎన్నిసార్లు డిఫరెన్షియేట్ చేస్తుందో చెప్పే సంఖ్యే దాని ఆర్డరు. అంటే రెండు ఆర్డర్లకూ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదు. రెండూ మూడూ అయితే సరే. నా ఆఖరి అధ్యాయమంతా నాలుగూ ఆరూ ఆర్డర్ల గురించి. ఆ రెండింటినీ రెండు భాగిస్తుంది. ఆ సందర్భం జోలికి ఆయన పోలేదు.

"మంచి వార్తేనా?" అన్నారు ఆంటీ.

"సగం, ఆంటీ."

మొదటి మూడు అధ్యాయాలూ పోయాయి. మిగిలిన ఒక్కదాన్నీ పెంచి థీసిస్ చేయడానికి, ఫెలోషిప్ లేకుండా, ఇంకో ఏడాది పైన పట్టింది. ఆ పేపరులో పనికొచ్చేదేమీ ఉండకూడదని కోరుకుంటూ వెళ్లాను. తీరా ఆ ఏడాదంతా నాకు దారి చూపింది ఆ పేపరే. ఆయన పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో చూశాకే, నా సమస్య ఎందుకు కష్టమో మొదటిసారి తెలిసింది.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పొద్దున్నే బయల్దేరండి, సారాంశం చెప్పించుకుని వచ్చేయకండి. పక్కన కూర్చుని, "అయితే" అన్న మాటకు ముందు ఏముందో పూర్తిగా చదివించుకోండి.