రోస్టర్‌లో నా ఆదివారం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి జీతం కంటే ముందు అభిప్రాయాలు వస్తాయి. నాకు కాస్త ఎక్కువే వచ్చాయి. గుంటూరు దగ్గర్నుంచి వచ్చి, చందానగర్‌లో ఒక గదిలో కిరాయికి దిగి, రాయదుర్గంలో అద్దాల మేడ ఏడో అంతస్తులో కూర్చునే ఆ రోజుల్లో, దారి పొడవునా విశ్వాసం మీద, తత్వశాస్త్రం మీద, లౌకికవాదం మీద పెద్దవాళ్ల వాదోపవాదాలు ఫోనులో వినేవాణ్ణి. (అర్థమైంది పావు వంతు. అర్థం కాని ముప్పావునే ఎక్కువ వాడేవాణ్ణి.) చేరిన మూడో వారమే ఆదివారం డ్యూటీ పడింది. మా మేనేజరు ముందు నిలబడి, అది దేవుని దినమనీ, మనస్సాక్షి స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిన హక్కనీ, సంస్థలు మనిషి ఆత్మను కొనలేవనీ పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరేలే బాబూ, చూద్దాం" అన్నారు. ఆ తర్వాత ఏడాది దాటినా నాకు ఒక్క ఆదివారమూ పడలేదు. రోస్టర్‌లో నా పేరు లేకపోతే చాలు, ఎవరి పేరుందో చూసే అలవాటు నాకు లేదు.

చర్చిలో ఈ సంగతి పాకింది. దేవుడు మేనేజరు హృదయాన్ని మెత్తబరిచాడని నేనే చెప్పుకున్నాను. ఆషాఢంలో ఒక ఆదివారం యువజనుల ముందు సాక్ష్యం చెప్పమన్నారు. నాలుగు పేజీలు రాసుకున్నాను. బైబిల్లో సింహాల నోళ్లు మూతపడిన ముచ్చట రెండో పేజీలోనే వస్తుంది. అద్దం ముందు చేతులు ఊపడం కూడా సాధన చేశాను, సిగ్గు లేకుండా.

సరిగ్గా దానికి ముందు శుక్రవారం ఆఫీసు క్యాంటీన్‌లో అక్క ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. అక్క అంటే మా జట్టులో సీనియరు, హఫీజ్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి, నాకు పని నేర్పింది ఆవిడే. "ఈయేడు గూడ నాతోని కాదమ్మా. ఆదివారం డ్యూటీ పడ్డది. బోనం వదినెను ఎత్తుమను" అంటోంది. ఏమైందక్కా అంటే మొదట ఏం లేదంది. తర్వాత చెప్పింది. రెండేళ్ల కింద కూతురు జ్వరంతో దవాఖానలో పడుంటే, బిడ్డ లేస్తే అక్క చేతే అమ్మవారికి బోనమెత్తిస్తానని వాళ్లమ్మ మొక్కిందట. పోయినేడాదీ ఇదే డ్యూటీ అడ్డం వచ్చింది. "అమ్మకు మోకాళ్లు పోయినయ్ తమ్మీ. నేను ఎత్తంగ ఒక్కపారి సూడాలె అంటది. ఏం జెయ్యాలె?"

నాకు ఆవేశం పొంగుకొచ్చింది. తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లి అదే ఉపన్యాసం మళ్లీ అందుకున్నాను. మనస్సాక్షి అన్నాను, రాజ్యాంగం అన్నాను, నా మతం కాకపోయినా ఆమె హక్కు కోసం నిలబడతానని కూడా అన్నాను. ఆయన ఓపికగా విని, కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. "ఆ ఆదివారం ఎవరిదో చూడు. నీది. ఏడాదిగా నీ ఆదివారాలన్నీ ఆవిడే చేస్తోంది. నువ్వు ఆ రోజు మాట్లాడి అటు వెళ్లావో లేదో, ఆవిడ వచ్చి, ఆ పిలగాణ్ణి చర్చికి పోనీయుండ్రి సార్, ఆని ఆదివారాలు నాకు రాయుండ్రి అంది. నీకు చెప్పొద్దని కూడా అంది." తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.

శనివారం పొద్దున్నే మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. చర్చి అంటే ఒక దుకాణం పైన అద్దె హాలు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేస్తున్నారు. జరిగిందంతా చెప్పి, "రేపు నేను డ్యూటీ చేస్తే నా సాక్ష్యం పోతుందండీ. పైగా ఆవిడ బోనానికి సాయం చేస్తే విగ్రహారాధనకు సాయం చేసినట్టు కాదాండీ?" అన్నాను. అయ్యగారు కుర్చీ పట్టుకునే ఆగారు. "ఏడాదిపాటు నీ ఆరాధనకు ఆ అమ్మాయి సాయం చేసింది గదరా. ఎవరి దేవుడికి చేస్తున్నానని ఒక్కసారైనా లెక్క చూసుకుందా?" అని, "ఆ చివరి కుర్చీ ఇటివ్వు" అన్నారు. ఇచ్చాను.

ఆదివారం ఏడో అంతస్తులో నేనూ, ఏసీ చప్పుడూ. అక్క వద్దు వద్దన్నా వినకుండా పంపించేశాను. కస్టమర్ల సిస్టమ్‌లోకి కొత్త వెర్షన్ ఎక్కించాలి. సగంలో ఆగిపోయింది. తెరంతా ఎరుపు. అప్పుడే అక్క ఫోను, వెనక డప్పుల మోత. "తమ్మీ, మంచిగ నడుస్తుందా? పరేషాన్ ఉంటే చెప్పు, బండేసుకోని వస్త." ఒక్కమాట చెబితే బోనం కుండ పక్కన పెట్టి వచ్చేస్తుందని నాకు తెలుసు. "అంతా బాగుందక్కా, మీరు ఎత్తండి" అన్నాను. (దేవుని దినాన అబద్ధం. క్షమించాడనే అనుకుంటున్నాను.) తర్వాత ప్రార్థన చేశాను. నా జీవితంలో అంత పొట్టి ప్రార్థన అంతవరకు చేయలేదు: ప్రభువా, ఆవిణ్ణి పిలిచే అవసరం రానీయకు. అక్క నోట్సు ముందేసుకుని, ఒక్కో మెట్టు మొదటినుంచి చేసుకుంటూ వచ్చాను. నాలుగింటికి తెర పచ్చబడింది.

సాయంత్రం అక్క వచ్చింది. పట్టుచీర, పాదాలకు పసుపు, నుదుటి మీద చెదిరిన కుంకుమ, కళ్లు బాగా ఏడ్చిన కళ్లు. "అమ్మ సూసింది తమ్మీ" అని మాత్రం అంది. నా ముందు టిఫిను డబ్బా పెట్టింది. బగారన్నం, కోడికూర. నా చెయ్యి మూత దగ్గరే ఆగింది. ఒప్పుకుంటున్నాను, ఆ పూట కూడా, అంత జరిగాక కూడా, ఆగింది. అక్క చూసింది, నొచ్చుకోలేదు. "ఫికర్ జెయ్యకు. ఇది అమ్మవారికి పెట్టనిది. మీరు గట్ల తినరని నాకెరుకనే గదా. పొద్దుగాల్నే నీకు వేరే గిన్నెల వండిన, గుడికి పోకముందే. తిను."

తిన్నాను. కారానికి కళ్లలో నీళ్లొచ్చాయని చెప్పాను, ఆవిడ నమ్మినట్టే ఊరుకుంది. మనస్సాక్షి స్వేచ్ఛ గురించి అప్పటికి వందల గంటలు విన్న కుర్రాడు నేను. దాన్ని వేరే గిన్నెలో వండి తెస్తారని మాత్రం ఏ వాదంలోనూ వినలేదు. ఇప్పుడు ఆ కుర్రాడు తలపుకొస్తే కోపం రాదు, నవ్వొస్తుంది. పాపం, ఎంత మాట్లాడేవాడో.