తడిసిన గంపలోని విత్తనం

మా చిన్నప్పుడు కూడా వేసవి సెలవుల్లో పనికి వెళ్లేవాళ్లం... దానికి ఇంటర్న్‌షిప్ అనే పేరు మాత్రం లేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, సోమవారం నుంచి మా విత్తన పరీక్ష కేంద్రానికి ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వేసవి శిక్షణకు వస్తున్నారు. వారిలో ఒకమ్మాయి నిన్న ఫోన్ చేసింది. "మేడం, ఆడికొచ్చి మేం ఏం పని చేయల్ల?" అని అడిగింది. చిన్న ప్రశ్నే... వచ్చాక చెబుతానని ఫోన్ పెట్టేశాను.

నాతో పనిచేసే రమణ మాత్రం తేల్చేశాడు. "సంచులకు చీటీలు రాయించి, కడాకు సర్టిఫికెట్ ఇచ్చి పంపిద్దాం లేక్కా. విత్తనం ముట్టుకున్నారంటే తప్పు చేస్తారు."

తప్పు చేస్తారన్న ఆ మాట దగ్గరే నాకు నరసమ్మత్త వసారా గుర్తుకొచ్చింది...

అది పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవి. కంబదూరు దగ్గర మా ఊళ్లో, ముంగారు వానలకు, అంటే తొలకరికి ముందే వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకునేవారు. మిషన్లో వేస్తే గింజ పగులుతుంది. పగిలిన గింజ మొలవదు. అందుకే విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి. నరసమ్మ మాకు చుట్టం కాదు, ఊరి వరసకు అత్త. ఆ వేసవి నేనూ, నా స్నేహితురాలు సుజాతా ఆమె ఇంట్లో ఒలుపు పనికి కుదిరాం.

ఆ వసారాలో ఒక ఆచారం ఉండేది. ఒలిచేవాళ్లు మాట్లాడుతూనే ఉండాలి! నోరు ఖాళీగా ఉంటే గింజలు అందులోకి పోతాయని అత్త అనుమానం. చాటలో గింజలు చెరుగుతూనే చెవులు మా వైపు పెట్టేది. ఎవరైనా కాసేపు మౌనంగా ఉంటే చాలు...

"ఏమ్మే, మాట రాలా? నోట్లో ఏముండాది?"

"ఏం లేదత్తా, ఎక్కిళ్లు!"

"చెనిక్కాయ ఎక్కిళ్లా? నీళ్లు తాగి మాట్లాడు!"

అలా పెళ్లిళ్ల ముచ్చట్లు, అత్తగార్ల మీద చాడీలు, బస్సులో పోట్లాటలు... ఊరి సంగతులన్నీ ఆ వసారాలోనే విన్నాను.

నాలుగు రోజులకే బొటనవేళ్లు వాచాయి. కాయను నొక్కితే ప్రాణం పోయినట్టుండేది. పెద్దవాళ్ల వేళ్లు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. మావి ఇంకా బడి పిల్లల వేళ్లే. పైగా ఏ గంప ఎంత నిండిందో అందరికీ కనబడుతుంది కదా... సుజాతకు తన గంప చూసుకుంటే చిన్నతనంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడు ఆమె తన వంతు కాయలను నీళ్ల తొట్టిలో ముంచి తీసిందట. పెంకు మెత్తబడింది. సాయంత్రానికి గంప నిండా గింజలు... మేమంతా నోరు తెరిచాం.

నరసమ్మత్త మాత్రం ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య రుద్దింది. పైపొట్టు జారి ఊడి వచ్చింది.

"ఎవురే దీనికి నీళ్లు పట్టించింది?"

రోజంతా మోగిన వసారా ఒక్కసారిగా మూగబోయింది. తడిసిన విత్తనం ఆరినా దాన్ని నమ్మలేం. అది చేలో పడితే ఆ నాగలి సాలంతా బీడే. మళ్లీ విత్తుదామన్నా ఈ నేల మీద వాన రెండోసారి రావాలి కదా...

"నేనేత్తా... ఏలు నొప్పి పుట్టె," అంది సుజాత, తల వంచుకొని.

"రేపట్నుంచి ఈ పాపను పిలవొద్దు నరసమ్మా. విత్తనం పని పిల్లోళ్ల చేతికిస్తే ఇట్లే అయితాది," అంది పక్కనున్న పెద్దామె.

సుజాత గోనె పట్ట దులిపి లేవబోయింది. అత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"యాడికి పోతాండావు? నొప్పి పుడితే చెప్పల్ల గదమ్మే. చెడిందో, బాగుండాదో చూసేదెవురు? నువ్వే చూడల్ల."

ఆ గింజలను నీడన ఆరబోశారు. వాటిలో ఒక గుప్పెడు అత్త తడి గోనెగుడ్డలో చుట్టి, నీళ్ల కడవ పక్కన పెట్టి, దానికి కాపలా సుజాతకే అప్పగించింది. ఆమె పొద్దున్నే వచ్చి గుడ్డ విప్పేది. పక్కన నేను కూడా వంగి చూసేదాన్ని. కొన్ని గింజలకు తెల్లటి మొలక... కొన్నింటికి బూజు. పక్కపక్కనే ఉన్న రెండు గింజల్లో ఒకటి ఎందుకు బతికింది, ఇంకొకటి ఎందుకు కుళ్లింది? ఎంత చూసినా అంతుబట్టేది కాదు.

ఆ గంపను అత్త మిగతా విత్తనంలో కలపలేదు. విత్తే రోజు ఆ గింజలతో గట్టు వారన ఒక్క సాలు మాత్రం సుజాత చేతే వేయించింది. ఒలుపు ముగిసేదాకా ఆమె పని పోలేదు. తర్వాత ఎవరికి వేలు నొప్పి పుట్టినా నోరు తెరిచి చెప్పేవాళ్లం. అత్త కాసేపు పుచ్చు గింజలు ఏరే పనికి మార్చేది.

ఇప్పుడు మా కేంద్రంలో తడి కాగితంలో గింజలు చుట్టి అదే పని చేస్తున్నాను. గది చల్లగా ఉంటుంది, వేళ్లు వాయవు... ఎవరి నోరు ఆగినా పట్టించుకునేవారు లేరు.

సోమవారం ఆ పిల్లల చేతికి రైతు తెచ్చిన అసలు విత్తనమే ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. రమణ పక్కనే ఉంటానన్నాడు, కాస్త గొణుగుతూనే. తప్పు జరిగితే దిద్దుకునేందుకు అదే నమూనాలో కొంత పక్కన పెడతాను. అయితే, కొద్ది వారాల్లో సర్టిఫికెట్ తీసుకొని వెళ్లిపోయే పిల్లలు, తప్పు జరిగిన రోజున "నేనే" అని చెప్పగలిగేంత చనువు మా గదిలో ఉందా? అది నాకు తెలియదు.

మీ మొదటి వేసవి పనిలో మిమ్మల్ని నమ్మి ఎవరు, ఏం అప్పగించారు? రాయండి... నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

అన్నట్టు, సుజాత వేసిన ఆ సాలు మొలవలేదు. ఆ ఏడు వాన కూడా అదునుకు రాలేదు, పక్క సాళ్లూ సగం పలచబడ్డాయి. తప్పు తడిదో, వానదో... నాకిప్పటికీ తెలియదు.