కట్టు విప్పే వేళ తెలిసిన డాక్టరమ్మ

మెదక్ పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక. బస్టాండు దగ్గరి మా మిర్చి బండి ఈ రోజు తెరవబడదు. నూనె ధర పెరిగి కాదు, నాకు బద్ధకమై కాదు. మా డాక్టరమ్మ నిన్న పొద్దున చనిపోయారు.

చాలా ఏళ్ల కిందట నా భార్యకు గర్భసంచిలో గడ్డలు వచ్చాయి. నెలనెలా రక్తం పోయి పోయి గోడ పట్టుకుని నడిచేది. అప్పటికి మాకు పిల్లల్లేరు. వేరేచోట సంచి తీసేయాలన్నారు. డాక్టరమ్మ మాత్రం గడ్డలు తీసి సంచి ఉంచడానికి చూస్తానన్నారు. కోసేటప్పుడు రక్తం ఆగకపోతే ప్రాణం కోసం తీయక తప్పదనీ దాచకుండా చెప్పారు. నా భార్య ఏడవలేదు.

"ఉంచేతందుకే చూడుండ్రి మేడం" అంది.

వెంటనే కోయలేదు. కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉందని చూసి, ముందు ఒంట్లో రక్తం పెరగాలని కొన్ని వారాలు ఐరన్ ఎక్కించారు. ఎందుకింత ఆలస్యమని నేను గొణిగితే, పోయే రక్తం ఆపడం సగం పనే, ముందు ఒంట్లో ఉండాలి కదా అన్నారు.

ఆపరేషన్‌లో రక్తనాళాలు ముడుచుకునే మందు సంచికి ఎక్కిస్తారట. రక్తం పోకుండా సంచి మొదట్లో రబ్బరు ట్యూబు బిగించి కడతారట. నేను ఊరుకుంటానా?

"గింతేనా మేడం? కట్టుడైతే నేనే కడ్త. ఫీజు జర తగ్గించుండ్రి."

ఆమె కళ్లద్దాల పైనుంచి చూశారు.

"కట్టుడు ఎవ్వలకైనా వస్తది. ఎప్పుడు విప్పాలెనో తెల్వాలె. ఎక్కువసేపు ఉంచితే సంచి పాడైతది. కుట్లు పడకముందే విప్పితే రక్తం పోతది."

బజ్జీ మాడకుండా తీయడమే పెద్ద విద్య అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆమె చేతుల వైపు చూస్తేనే గుడిలో నిలబడ్డట్టుండేది.

ఆపరేషన్ నాడు, అవసరమైతే రక్తం ఇస్తారని, పదిమంది దోస్తులను దావత్ ఉందని చెప్పి పట్టుకొచ్చాను. తలుపు బయట వాళ్లను నవ్విస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ బయటికొచ్చారు.

"నీ దోస్తులను ఇంటికి పొమ్మను. వాళ్ల రక్తం వాళ్లకే ఉండనీ. సంచి ఉన్నది."

తర్వాత మాకు కవలలు పుట్టారు.

ఇక నిజం చెప్తాను. పదిమంది రాలేదు, ఇద్దరే వచ్చారు. అందులో ఒకడు సూది చూసి ఛాయ్ తాగొస్తానని మాయమయ్యాడు. కవలలు కాదు, ఒక్కతే బిడ్డ. నవ్వించాననడం పచ్చి అబద్ధం. ఆ తలుపు తెరుచుకునేదాకా దాని గొళ్లెం వైపే చూస్తూ కూర్చున్నాను.

మిగతాదంతా జరిగింది. ఆపరేషన్ మర్నాడు ఇంకొకటి కూడా జరిగింది. డాక్టరమ్మ నా భార్య కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా లాగి, నన్ను దగ్గరికి రమ్మన్నారు. లోపల ఎర్రగా ఉంది. నేను కళ్లు తుడుచుకుని సరిగ్గా చూసేదాకా ఆమె ఆ వేలు తీయలేదు.